మౌస్‌తో మీ ముఖం: వెక్టర్ సెల్ఫ్ పోర్ట్రెయిట్ గీసే పద్ధతి

బీఎఫ్‌ఏ అప్లైడ్ ఆర్ట్‌లో గానీ, డిగ్రీ మల్టీమీడియాలో గానీ డిజిటల్ ఆర్ట్ పేపర్ ఉంటే ఈ అసైన్‌మెంట్ ఏదో ఒక సెమిస్టర్‌లో తగలొచ్చు: మీ ముఖాన్ని మీరే వెక్టర్‌లో, అంటే పిక్సెల్ చుక్కలతో కాకుండా గీతలు, మూసిన ఆకారాలతో గీసి తేవాలి. పెన్సిల్ చెయ్యి బాగా తిరిగినవాళ్లు కూడా దీని దగ్గర తడబడతారు. కాగితం మీదైతే చెంప నీడని వేలితో రుద్ది మెల్లగా వెలుగులో కలిపేయొచ్చు. వెక్టర్‌లో ఆ రుద్దుడు లేదు. నీడ ఎక్కడ ఆగుతుందో గీత గీసి మరీ చెప్పాలి. చెంప మీద నిజానికి లేని ఆ అంచుని ఎక్కడ పెట్టాలో తేల్చుకోవాల్సింది మీరే. పోలిక వచ్చినా పోయినా ఆ నిర్ణయాల దగ్గరే. సాఫ్ట్‌వేర్ నేర్చుకోవడం ఈ పనిలో సగం కూడా కాదు.

ల్యాబ్‌లో ఇలస్ట్రేటర్ ఉంటే అందులో చేయండి. ఇంట్లో లైసెన్సు లేకపోతే ఇంక్‌స్కేప్ దించుకోండి. అది ఉచితం, 4 జీబీ ర్యామ్ ఉన్న పాత ల్యాప్‌టాప్ మీద కూడా ఈ పని వరకు లాక్కొస్తుంది. కోరల్‌డ్రా అలవాటైనవాళ్లు అందులోనే కానివ్వొచ్చు. మూడింటిలోనూ గీత వెనకున్న లెక్క ఒకటే: 1960ల్లో రెనో కార్ల కంపెనీలో పియెర్ బెజియె కారు బాడీ వంపుల కోసం వాడుకలోకి తెచ్చిన బెజియె కర్వ్. కింద కీలు చెప్పేచోట ముందు ఇంక్‌స్కేప్‌వి, తేడా ఉంటే ఆ తర్వాత ఇలస్ట్రేటర్‌వి ఇచ్చాం.

గ్రాఫిక్ ట్యాబ్లెట్ దీనికి అక్కర్లేదు. పెన్ టూల్ పని అంతా క్లిక్ చేసి లాగడమే, దానికి మామూలు మౌస్ చాలు. ల్యాప్‌టాప్ టచ్‌ప్యాడ్‌తో మాత్రం మొదలుపెట్టకండి. హ్యాండిల్ (పాయింటు నుంచి బయటికొచ్చి వంపుని తిప్పే పుల్ల) లాగుతూ ఇంకో చేత్తో కీ నొక్కాల్సి వచ్చినప్పుడు వేలు జారి పాయింటు ఎటో పోతుంది. మొత్తం పనికి రోజుకి గంటన్నర చొప్పున పది రోజులు పెట్టుకోండి. సబ్మిషన్ ముందురోజు రాత్రి కూర్చుంటే ఇది అయ్యే పని కాదు.

1. ఫొటో

చెయ్యి చాచి తీసుకున్న సెల్ఫీ పనికిరాదు. ఫోను మీ ముక్కుకి 50 సెంటీమీటర్ల దూరంలో ఉంటే, చెవులు దాదాపు 62 సెంటీమీటర్ల దూరంలో ఉంటాయి. దాంతో ముక్కుతో పోలిస్తే చెవులు సుమారు అయిదో వంతు చిన్నగా పడతాయి. అదే ఫోనుని మీటరున్నర దూరానికి జరిపితే ఆ తేడా 7 శాతానికి దిగుతుంది. సెల్ఫీ మీద ఎంత శ్రద్ధగా గీసినా "ముక్కు పెద్దదైంది" అని స్నేహితులు అనేది ఇందుకే. తప్పు గీతలో లేదు, ఫొటోలో ఉంది.

ఫోనుని మీ కళ్ల ఎత్తులో, మీటరున్నర దూరంలో దేనికైనా ఆనించండి. వెనక కెమెరా, 2 రెట్ల జూమ్, 10 సెకన్ల టైమర్. బ్యూటీ మోడ్ పూర్తిగా ఆపేయండి, లేకపోతే మనకి కావాల్సిన నీడలన్నీ అది తుడిచేస్తుంది. ఒక పక్క కిటికీ ఉండాలి, గదిలో లైట్లు ఆర్పేయాలి. నెత్తిమీది ట్యూబ్‌లైటు వెలుగుతుంటే కళ్ల గుంటల్లో, ముక్కు కింద మరో నీడ పడి రెండూ కలగాపులగం అవుతాయి. ముఖాన్ని కిటికీ వైపు కొద్దిగా, 20 డిగ్రీల వరకు తిప్పండి. నేరుగా చూసే ముఖం కంటే కాస్త తిరిగిన ముఖంలో ముక్కు దూలం, చెంప ఎముక స్పష్టంగా తెలుస్తాయి కాబట్టి పోలిక తేలిగ్గా వస్తుంది. మొదటిసారి చేస్తుంటే నోరు మూసుకునే ఉండండి. పళ్లు కష్టం.

వెనక కెమెరా ఫొటో చూసి "ఇది నాలా లేదే" అనిపిస్తుంది. రోజూ అద్దంలో చూసుకునేది కుడిఎడమలు మారిన ముఖం కదా. ఫొటోని తిప్పకండి. తిప్పితే పాపిట, పుట్టుమచ్చ, ముక్కుపుడక, చొక్కా బొత్తాల వైపు అన్నీ మారిపోతాయి, మిగతావాళ్లకి అది మీలా కనిపించదు.

2. సున్నాతో మొదలు

పెన్ టూల్ చేతికి రాకముందే ముఖం మొదలుపెట్టడం ఈ అసైన్‌మెంట్‌లో అందరూ చేసే పొరపాటు. రెండు రోజులు అక్షరాల మీద చెయ్యి తిప్పండి. మన లిపి అంతా వంపులే కాబట్టి ఇంతకంటే మంచి అభ్యాసం దొరకదు.

ముందు సున్న. 200 పిక్సెల్‌ల వ్యాసం ఉన్న వృత్తాన్ని లేత బూడిద రంగులో వేసి లాక్ చేయండి. దానిమీద పెన్ టూల్‌తో మళ్లీ అదే వృత్తం గీయాలి. పెన్ టూల్‌కి బి కీ, ఇలస్ట్రేటర్‌లో పి. గడియారంలో 12, 3, 6, 9 ఉండే చోట్ల నాలుగే పాయింట్లు పెట్టండి. 12 దగ్గర క్లిక్ చేసి, వదలకుండా 3 ఉన్న వైపు అడ్డంగా లాగండి. కంట్రోల్ కీ నొక్కి ఉంచితే హ్యాండిల్ వంకరపోదు, ఇలస్ట్రేటర్‌లో అదే పనికి షిఫ్ట్. ఎంత దూరం లాగాలి? వృత్తం వ్యాసార్ధంలో 0.55 వంతు, అంటే ఇక్కడ 55 పిక్సెల్‌లు. తక్కువ లాగితే సున్న వజ్రంలా కోసుకుపోతుంది, ఎక్కువ లాగితే దిండులా నాలుగు మూలలా ఉబ్బుతుంది. రెండూ కావాలనే చేసి చూడండి. రేపు గడ్డం దగ్గర ఇవే రెండు జబ్బులు వస్తాయి, అప్పుడు చూడగానే గుర్తుపడతారు.

తర్వాత ఏదైనా యూనికోడ్ ఫాంటులో ర, అ, క అక్షరాలు 400 సైజులో టైపు చేసి, లేతగా చేసి, లాక్ చేసి వాటి మీద గీయండి. వంపు అన్నిటికంటే పైకి, కిందికి, కుడికి, ఎడమకి పోయే చోట పాయింటు పెట్టాలి. వంపు మధ్యలో ఎక్కడో పెడితే హ్యాండిళ్లు ఐమూలగా పడి, సరిచేయబోతే ఇంకోవైపు చెడుతుంది. పాయింట్ల మధ్య ఉన్న దూరంలో మూడో వంతు హ్యాండిల్ ఉంటే చాలావరకు సాఫీగా వస్తుంది. క తలకట్టు దగ్గరికి వచ్చేసరికి గీత చటుక్కున విరగాలి. అక్కడ నోడ్ టూల్‌తో పాయింటుని ఎంచుకుని షిఫ్ట్ సి నొక్కితే రెండు హ్యాండిళ్లూ విడిపోతాయి, మళ్లీ సాఫీగా కావాలంటే షిఫ్ట్ ఎస్. ఇలస్ట్రేటర్‌లో ఆల్ట్ పట్టుకుని ఒక హ్యాండిల్ లాగితే విరుగుతుంది. కంటి కొనలు, పెదవి మధ్య నొక్కు, ముక్కుపుటం చివర ఇలా విరిగే చోట్లే.

3. ఫొటోని అయిదు మెట్లు చేయండి

మీ ఫొటోలో వేలాది రంగులున్నాయి. మీకు కావలసినవి అయిదు మెట్లు: మెరుపు, వెలుగు, మధ్యరకం, నీడ, చిక్కటి నీడ. జింప్‌లో గానీ ఫొటోషాప్‌లో గానీ ఫొటోని తెరిచి, పొడవు వైపు 2000 పిక్సెల్‌లకి తగ్గించి, నలుపు తెలుపు చేయండి. గాసియన్ బ్లర్ 6 నుంచి 8 పిక్సెల్‌లు ఇవ్వండి. తర్వాత పోస్టరైజ్, లెవెల్స్ 5. బ్లర్ ఇవ్వకుండా పోస్టరైజ్ చేస్తే చర్మం మీది రంధ్రాలు, గడ్డం మొలకలు అన్నీ చిన్నచిన్న దీవుల్లా విడిపోయి బొమ్మంతా మసూచి మచ్చల్లా తయారవుతుంది.

ఇప్పుడు వచ్చిన మెట్ల చిత్రాన్ని పక్కన పెట్టుకుని చూడండి. అది సలహా మాత్రమే. కంప్యూటరుకి నల్ల జుట్టూ తెలియదు, నల్ల చొక్కా కాలరూ తెలియదు. రెండిటినీ కలిపి ఒకే ముద్ద చేసి ఉంటుంది. దవడ నీడని మెడ నీడతో కలిపేసి ఉంటుంది. అక్కడ మీరు విడదీయాలి. నుదుటి మీద చిన్న మరకలాంటి నీడ ఒకటి విడిగా పడి ఉంటుంది, అది మీ పోలికకి ఏమీ చేయదు, తీసేయాలి. ఈ చిత్రాన్ని ఒక ఏ4 కాగితం మీద ప్రింటు తీసుకుని, ఉంచేవాటి అంచుల మీద ఎర్ర పెన్నుతో గీయండి. అరగంట పని. ఆ కాగితమే మీ మ్యాప్. మౌస్ పట్టుకున్నాక ఆలోచిస్తూ ఆగాల్సిన పని ఉండదు.

4. ఫైలు, లేయర్లు

నిలువు ఏ4, అంటే 210 బై 297 మిల్లీమీటర్లు. ఫొటోని ఇంపోర్ట్ చేసేటప్పుడు ఎంబెడ్ ఎంచుకోండి. లింక్ పెడితే ఫైలు వేరే కంప్యూటరులో తెరిచినప్పుడు ఫొటో ఉండాల్సిన చోట ఖాళీ పెట్టె కనిపిస్తుంది. ఫొటో లేయర్ ఒపాసిటీ 50 శాతం చేసి, లాక్ చేసి, అట్టడుగున పెట్టండి. మెట్ల చిత్రాన్ని కూడా అదే కొలతలో, అదే చోట ఇంకో లేయర్‌లో పెట్టి కావాల్సినప్పుడు చూపిస్తూ, దాస్తూ ఉండండి.

మీ లేయర్లు కింది నుంచి పైకి: నేపథ్యం, వెనక జుట్టు, మెడ, బట్టలు, చెవులు, ముఖం, ముఖం నీడలు, కళ్లు ముక్కు నోరు, ముందు జుట్టు, కళ్లజోడు. ప్రతి లేయర్‌కి పేరు పెట్టండి. పాత్ 214, పాత్ 215 అని వందలు పేరుకున్నాక ఎడమ కనురెప్ప ఏదో వెతుక్కోవడానికే పూట గడిచిపోతుంది. రోజూ పని మొదలుపెట్టే ముందు ఫైలుని కొత్త అంకెతో సేవ్ చేయండి: ముఖం 01, ముఖం 02, అలా.

5. ముఖం, నీడలు

ముఖం లేయర్‌లో మొదట ఒకే ఒక్క మూసిన ఆకారం. చెవి దగ్గర మొదలుపెట్టి దవడ, గడ్డం మీదుగా రెండో చెవి దాకా 10 నుంచి 14 పాయింట్లు సరిపోతాయి. నుదుటి వైపు జుట్టు కిందకి దూర్చేసి మూసేయండి, అక్కడ అందం అక్కర్లేదు. గీస్తున్నంత సేపు ఫిల్ (లోపలి రంగు) తీసేసి, సన్నటి ఎర్ర స్ట్రోక్ (అంచు గీత) మాత్రమే ఉంచుకుంటే కింది ఫొటో కనిపిస్తుంది. ఆకారం మూశాక రంగు.

గీత గడ్డం దగ్గర గుంటలు గుంటలుగా వస్తే పాయింట్లు ఎక్కువయ్యాయని అర్థం. ఇంకో పాయింటు పెట్టి సరిచేయాలనిపిస్తుంది, అదే తప్పు. నోడ్ టూల్‌తో మధ్య పాయింటుని ఎంచుకుని డిలీట్ చేయండి, మిగిలిన రెండు హ్యాండిళ్లూ పొడవు పెంచండి.

పక్కపక్క ఆకారాలు అంచుకి అంచు కలిసేలా గీయకండి. దవడ అంచూ మెడ అంచూ సరిగ్గా ఒకే గీత మీద ఉంటే, రెండిటి మధ్యా వెంట్రుకంత తెల్లగీత కనిపిస్తుంది. స్క్రీన్ మీద అంచు పిక్సెల్‌ని సగం ఒక రంగు, సగం ఇంకో రంగుతో మెత్తబరిచేటప్పుడు వెనకున్న తెలుపు తొంగిచూస్తుందన్న మాట. పీడీఎఫ్‌లో జూమ్ చేసినా ఆ గీత వెంటాడుతుంది. మందు తేలికే: మెడని దవడ కిందకి పది పిక్సెల్‌లు ఎక్కువగా గీయండి, పైనున్న ముఖం దాన్ని కప్పేస్తుంది. ఇంట్లో గోడకి రెండు కాగితాలు అంటించేటప్పుడు ఒకదాని మీదకి ఒకటి ఎక్కిస్తాం కదా, అదే.

నీడలు కూడా అలాగే. చెంప నీడని ముఖం అంచు దగ్గర జాగ్రత్తగా ఆపాల్సిన పనే లేదు, బయటికి పోనివ్వండి. లోపలి అంచు మీదే మీ శ్రద్ధంతా పెట్టండి. నీడలన్నీ గీశాక కంట్రోల్ జి తో గ్రూప్ చేసి, ముఖం ఆకారాన్ని కంట్రోల్ డి తో (ఇలస్ట్రేటర్‌లో కంట్రోల్ సి, కంట్రోల్ ఎఫ్) డూప్లికేట్ చేసి ఆ గ్రూప్ పైకి తెచ్చి, రెండూ ఎంచుకుని, ఆబ్జెక్ట్ మెనూలో క్లిప్ పెట్టండి. ఇలస్ట్రేటర్‌లో కంట్రోల్ 7. బయటికి పోయినదంతా మాయమవుతుంది. క్లిప్ చేసే ఆకారం అన్నిటికంటే పైన లేకపోతే మాత్రం తారుమారవుతుంది. "ముఖమే పోయింది" అని గాభరా పడేది ఇక్కడే. కంట్రోల్ జెడ్ కొట్టి, వరస చూసుకోండి.

ఇమేజ్ ట్రేస్, ట్రేస్ బిట్‌మ్యాప్ అనే బటన్లు మిమ్మల్ని పిలుస్తూనే ఉంటాయి. ఒక్క క్లిక్‌తో ముఖం తయారు. అది వేల పాయింట్లతో వస్తుంది, రంగులు లేకుండా గీతలే చూపించే అవుట్‌లైన్ వ్యూలో చూస్తే చీమల పుట్టలా ఉంటుంది. చేత్తో గీసిన పోర్ట్రెయిట్‌ అందాజుగా కొన్ని వందల పాయింట్లలో అయిపోతుంది. లెక్చరర్ ఫైలు తెరిచి అవుట్‌లైన్ వ్యూ పెట్టగానే ఏది ఎలా చేశారో తెలిసిపోతుంది. పైగా అందులో కన్ను ఒక ఆకారం, ముక్కు ఒక ఆకారం అని ఉండవు, కాబట్టి చిన్న మార్పు చెప్పినా చేయలేరు.

6. చర్మం రంగు

ఇంటర్నెట్‌లో దొరికే స్కిన్ టోన్ పాలెట్లు చాలావరకు పాలిపోయిన గులాబి రంగులు. అవి మనవి కావు. ఫొటో నుంచి డ్రాపర్‌తో పీల్చినా కుదరదు, ఒక్క పిక్సెల్ రంగు తీసి పెద్ద ఆకారంలో నింపితే మట్టిరంగులా, జీవం లేకుండా కనిపిస్తుంది.

చామనఛాయకి మొదలుపెట్టడానికి ఒక వరస ఇస్తున్నాం. ఆర్‌జీబీ అంకెలు: వెలుగు 208, 152, 108. మధ్యరకం 168, 110, 75. నీడ 128, 76, 58. చిక్కటి నీడ 84, 44, 44. మెరుపుకి 232, 190, 152, అదీ ముక్కు దూలం మీద, కింది పెదవి మీద, చెంప ఎముక మీద మాత్రమే. ఈ వరసలో ఒక కిటుకు ఉంది. రంగుల ప్యానెల్‌ని హ్యూ (రంగు ఎరుపా, పసుపా అని చెప్పే అంకె), సాచురేషన్ (రంగు చిక్కదనం) అంకెలకి మార్చి చూడండి: వెలుగు నుంచి చిక్కటి నీడకి వెళ్లేకొద్దీ హ్యూ 26, 23, 15, 0 అని ఎరుపు వైపు జరుగుతుంది. మధ్యరకం రంగుకే నలుపు కలిపి నీడ చేస్తే ముఖానికి మసి పూసినట్టుంటుంది. ఎరుపు వైపు జరిపితే కింద రక్తం ఉన్నట్టుంటుంది. మీ ఛాయ ఇంకా నలుపైతే మొత్తం వరసని కిందకి దించండి, హ్యూ జరుపుడు మాత్రం ఉంచండి. ముదురు చర్మం మీద మెరుపు ఇంకా బాగా పలుకుతుంది, దానికి కొంచెం నీలం కలిపినా బావుంటుంది.

ఇంకో మాట. పెళ్లి ఫ్లెక్సీలో చేసినట్టు మీ రంగుని మీరే రెండు మెట్లు తెల్లగా చేసుకోకండి. తెల్లబరిస్తే నీడకీ వెలుగుకీ తేడా తగ్గి ముఖం చదునైపోతుంది, పోలిక అక్కడే పోతుంది.

7. కళ్లు, ముక్కు, నోరు

అన్నిటికంటే ఎక్కువ సమయం కంటికి ఇవ్వండి. కనీసం ఒక పూట.

తెల్లగుడ్డు తెల్లగా ఉండదు. 222, 208, 198 లాంటి మురికి తెలుపు వేయండి, దాని పై మూడో వంతు మీద రెప్ప నీడ ఒకటి 176, 156, 150తో. ఈ నీడ లేకపోతే కన్ను ముఖం మీద అంటించిన స్టిక్కరులా ఉంటుంది. నల్లగుడ్డుకి పూర్తి వృత్తం గీసి, కంటి ఆకారంతో క్లిప్ చేయండి. మామూలుగా చూస్తున్నప్పుడు దాని పైభాగం రెప్ప కింద దాగి, కింది అంచు కింది రెప్పని తాకీ తాకనట్టు ఉంటుంది. వృత్తం మొత్తం కనిపించిందంటే ఎవరో భయపెట్టినట్టు తయారవుతారు. నల్లగుడ్డుకి 62, 38, 30, మధ్య పాపకి 24, 16, 18. కిటికీ ఎడమ నుంచి ఉంటే మెరుపు చుక్క పై ఎడమ వైపు వస్తుంది, దానికి ఎదురుగా కింది కుడివైపు నల్లగుడ్డులో సన్నటి నెలవంకలా 104, 64, 42 వేయండి. కంట్లోకి దూరిన వెలుతురు అటువైపు వెళ్లి అక్కడ పోగవుతుంది. ఈ ఒక్క నెలవంకతో కన్ను తడిగా కనిపిస్తుంది. మెరుపు చుక్క గుండ్రంగా కాకుండా కిటికీలా నాలుగు మూలలుగా ఉండాలి, రెండు కళ్లలోనూ ఒకే వైపు ఉండాలి. ఒక కన్ను గీసి దాన్నే తిప్పి రెండోది చేస్తే ఇక్కడ దొరికిపోతారు: మెరుపులు రెండూ ఒకే వైపు కాకుండా ఒకదానికొకటి ఎదురు వైపులకి పడతాయి. పైగా ఎవరి రెండు కళ్లూ ఒకేలా ఉండవు, ఆ చిన్న తేడాలోనే మీ పోలిక ఉంది.

పై రెప్ప అంచుని స్ట్రోక్‌తో గీయకండి. లోపలి కొన దగ్గర సన్నగా మొదలై, మూడింట రెండు వంతుల దగ్గర లావై, బయటి కొనకి మళ్లీ సన్నబడే మూసిన ఆకారంగా గీయండి. కాటుక పెట్టుకునే అలవాటుంటే తప్ప కింది రెప్పకి నల్లగీత వద్దు, నీడ రంగు చాలు. వెంట్రుకలు ఒక్కొక్కటీ గీయనక్కర్లేదు, బయటి కొనలో మూడు నాలుగు గుంపులుగా.

ముక్కుకి అసలు గీతే లేదు. ముక్కుపుటాల చీకటి రెండు చిన్న ఆకారాలు, ముక్కు కింద పడే నీడ, కిటికీకి అవతలి వైపు దూలం పక్కన నీడ, కొనమీద మెరుపు. అంతే. కళ్ల నుంచి కింది దాకా గీత లాగారంటే బడిపిల్లల బొమ్మ అయిపోతుంది.

పై పెదవి కిందికి వాలి ఉంటుంది కాబట్టి ముదురు, కింది పెదవి పైకి తిరిగి ఉంటుంది కాబట్టి లేత. 122, 62, 58, తర్వాత 158, 88, 80. రెండిటి మధ్య గీతే నోటికి ప్రాణం, అది మూలల్లో, మధ్యలో లావుగా, మిగతాచోట సన్నగా ఉండాలి. పెదవి చుట్టూ అవుట్‌లైన్ వద్దు. నవ్వే ఫొటోనే కావాలనుకుంటే పళ్లన్నిటినీ కలిపి ఒకే ఆకారం చేయండి, పళ్ల మధ్య గీతలు గీయకండి. చిగుళ్ల వైపు చిన్న మొనలు నాలుగు చూపిస్తే మిగతాది చూసే కన్నే పూర్తిచేసుకుంటుంది.

బొట్టు పెట్టుకుంటే అది నుదుటి వంపుతో పాటు కొద్దిగా తిరిగి ఉండాలి, ముఖం పక్కకి తిరిగినప్పుడు నిండు గుండ్రం తప్పు. గడ్డం గీసుకున్న దవడకి 60, 60, 72 రంగులో 15 శాతం ఒపాసిటీతో ఒక ఆకారం వేస్తే నున్నటి చర్మానికీ దానికీ తేడా తెలుస్తుంది. కళ్లజోడు ఫ్రేముని బయటి ఆకారంలోంచి లోపలిది డిఫరెన్స్ చేసి తీయండి, ఫ్రేము కింద చెంప మీద సన్నటి నీడ మరవకండి.

8. జుట్టు

జుట్టంటే ముందు ఒక ముద్ద. వెంట్రుకలతో మొదలుపెట్టినవాళ్లు ఎవరూ పూర్తిచేయరు. మొత్తం జుట్టుకి ఒకే ఆకారం, రంగు 34, 26, 32, అచ్చ నలుపు కాదు. అచ్చ నలుపు వేస్తే దాని కన్నా ముదురు ఇంకేదీ వేయలేరు, బొమ్మలో అక్కడ బొక్క పడినట్టుంటుంది. దానిమీద జుట్టు దువ్విన దిశలో అయిదారు పెద్ద పాయలు 62, 48, 52తో. నూనె రాసిన జుట్టైతే తల వంపుని చుట్టి ఒక మెరుపు పట్టీ వస్తుంది, దాని పై కింద అంచులు రంపంలా ఉండాలి. చివరికి నుదుటి మీది ముంగురులు, పక్కల లేచిన వెంట్రుకలు కలిపి 15 నుంచి 25, మించొద్దు. పెన్ టూల్ పైన ఉండే షేప్ మెనూలో ఒకవైపు సన్నబడే త్రికోణం ఎంచుకుంటే కొసలు వాటంతట అవే సన్నబడతాయి. ఇలస్ట్రేటర్‌లో స్ట్రోక్ ప్యానెల్‌లో విడ్త్ ప్రొఫైల్. రింగుల జుట్టైతే పాయలకి బదులు లోపల చీకటి గుంటలు వేయండి, రింగులు వాటంతటవే పైకి తేలుతాయి.

మీసం కూడా ఇంతే: ముద్ద, కింది అంచున పది వెంట్రుకలు.

9. పోలిక సరిచూడటం

ఫొటో లేయర్ దాచేయండి. ఇంతసేపూ కింద ఫొటో ఉండటం వల్ల ఎవరో సగం పని చేసిపెడుతున్నారు, దాచగానే అసలు బొమ్మ బయటపడుతుంది. అన్నీ ఎంచుకుని హెచ్ కీ నొక్కితే (ఇలస్ట్రేటర్‌లో ఆబ్జెక్ట్ మెనూలో ట్రాన్స్‌ఫార్మ్, రిఫ్లెక్ట్, వర్టికల్) బొమ్మ కుడిఎడమలు మారుతుంది, ఒక కన్ను కిందకి జారినట్టు, నోరు ఒరిగినట్టు అప్పుడు తెలుస్తుంది. చూసి మళ్లీ అదే చేసి వెనక్కి తిప్పండి. తర్వాత వాట్సాప్ డీపీ అంత చిన్నదయ్యేదాకా జూమ్ తగ్గించి చూడండి. అంత చిన్నగా ఉన్నప్పుడు మీరని తెలియకపోతే కనురెప్ప వెంట్రుకలు కలిపి లాభం లేదు, నీడల ఆకారాల్లోనే ఎక్కడో తప్పుంది. చాలావరకు అది కంటికీ కనుబొమకీ మధ్య దూరం, లేదా ముక్కు కిందికీ పై పెదవికీ మధ్య దూరం. రెండు మూడు పిక్సెల్‌లు జరిపినా మనిషి మారిపోతాడు.

10. పేరు, ప్రింటు, సబ్మిషన్

బొమ్మ మూలన మీ పేరు తెలుగులో వేస్తే ఇలస్ట్రేటర్‌లో ఒత్తులు విడిపోయి పక్కన పడొచ్చు. ప్రిఫరెన్సెస్‌లో టైప్ దగ్గర భారతీయ భాషల ఆప్షన్ ఆన్ చేసి, పారాగ్రాఫ్ ప్యానెల్ మెనూలో వరల్డ్ రెడీ కంపోజర్ ఎంచుకుంటే కుదురుకుంటుంది. వెర్షన్‌ని బట్టి ఈ పేర్లు కొద్దిగా మారతాయి. ఇంక్‌స్కేప్‌లో యూనికోడ్ ఫాంటు ఉంటే ఈ బాధ లేదు. ఏదైనా సరే, చివర్లో అక్షరాలని పాత్‌గా మార్చేయండి: కంట్రోల్ షిఫ్ట్ సి, ఇలస్ట్రేటర్‌లో కంట్రోల్ షిఫ్ట్ ఓ. ప్రింటు షాపులో కోరల్‌డ్రా, అను ఫాంట్లు ఉంటాయి, మీ ఫాంటు ఉండదు.

ఏ3కి పెంచేటప్పుడు స్ట్రోక్ కూడా పెరిగేలా పెట్టారో లేదో చూసుకోండి. ఇంక్‌స్కేప్‌లో పై టూల్‌బార్‌లో దానికి బటన్ ఉంది. అది ఆఫ్‌లో ఉంటే ముఖం పెరుగుతుంది, ముంగురులు మాత్రం అంతే సన్నగా ఉండిపోతాయి. స్ట్రోక్ టు పాత్ చేసేస్తే ఏ గొడవా లేదు, కానీ అది చేసే ముందు ఫైలు ఇంకో కాపీ ఉంచుకోండి, తర్వాత గీత మందం మార్చలేరు. బ్లర్ వాడి ఉంటే పీడీఎఫ్‌లో ఆ భాగం పిక్సెల్‌లుగా మారుతుంది, ఈ అసైన్‌మెంట్‌లో బ్లర్ వాడకపోవడమే మేలు.

నేపథ్యం చుట్టూ 3 మిల్లీమీటర్లు బ్లీడ్ (కాగితం కత్తిరించేటప్పుడు పోయే అదనపు అంచు) వదిలి పీడీఎఫ్ చేయండి. చిలకపచ్చ, మిరుమిట్లు గొలిపే నీలం లాంటి నేపథ్యాలు సీఎంవైకేలో, అంటే ప్రింటు ఇంకుల్లో ఉడిగిపోతాయి, స్క్రీన్ చూసి మోసపోకండి. చర్మం చిక్కటి నీడ, జుట్టు రంగు ప్రింటులో కలిసిపోయే ప్రమాదం ఉంది. ముందు ఏ4 ఒక్కటి తీసి చూసి, కలిసిపోతే నీడని కొంచెం లేతబరచి, అప్పుడే ఏ3 ఇవ్వండి.

సబ్మిషన్‌కి అసలు ఫైలు, పీడీఎఫ్, 2000 పిక్సెల్‌ల పీఎన్‌జీ మూడూ ఒక ఫోల్డర్‌లో పెట్టండి. ఎర్ర పెన్ను గీతలున్న ఆ ఏ4 కాగితాన్ని ఫొటో తీసి అందులోనే వేయండి. వైవాలో "ఈ నీడ ఇక్కడే ఎందుకు ఆపావు?" అని అడిగితే చూపించడానికి అదే ఉంటుంది. ఫోల్డర్‌ని పెన్‌డ్రైవ్‌లో వేసి స్నేహితుడి కంప్యూటరులో ఒకసారి తెరిచి చూడండి. ఫాంటు మారినా, ఫొటో కనపడకపోయినా ఇంకా సరిచేసుకునే వీలుండగానే తెలుస్తుంది.